జులైలో క్రూగర్: కారు మనమే నడుపుకోవాలా, గైడుతో వెళ్ళాలా?

చారలగుర్రం:

అందరికీ నమస్కారం. వచ్చే జులైలో మేం నలుగురం దక్షిణాఫ్రికా వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, 68 ఏళ్ళ మా అమ్మ, ఐదేళ్ళ మా బాబు. క్రూగర్ నేషనల్ పార్కులో ఐదు రాత్రులు ఉండాలని కోరిక. జోహన్నెస్‌బర్గ్‌లో కారు అద్దెకు తీసుకుని నేనే నడుపుదామనుకుంటున్నాను.

క్రొకడైల్ బ్రిడ్జ్ గేటు దగ్గర లోపలికి వెళ్ళి మొదటి రాత్రి లోయర్ సాబీ క్యాంపులో, రెండోది లెటాబాలో, మూడోది షింగ్‌వేడ్జీలో, నాలుగోది పుండా మరియాలో, చివరి రాత్రికి మళ్ళీ కిందకి స్కుకూజా వచ్చేద్దామని ప్లాన్. అలా అయితే పార్కంతా ఒక చుట్టు చూసినట్టుంటుంది కదా. ఇంకా ఏదీ బుక్ చేయలేదు.

మాకు కావలసింది ఒక్కటే, జంతువుల్ని బాగా దగ్గరగా చూడాలి. బైనాక్యులర్‌లో చుక్కలా కనిపించే సింహం మావాడికి అక్కర్లేదు. కానీ అద్దెకారులో వెళ్తే అసలు కనిపిస్తాయా? కనిపిస్తే ప్రమాదం లేదా? మా అమ్మ ఇప్పటికే టెన్షన్ పడుతోంది. "సింహం వస్తే అద్దం ఎవరు ఎత్తుతారో ముందే తేల్చండి" అంటోంది. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

గడ్డిపరక:

గైడుతో వెళ్ళండి, డబ్బుకి చూసుకోవద్దు. ఓపెన్ జీపులో ఎత్తుగా కూర్చుంటారు కాబట్టి గడ్డి పైనుంచి కనిపిస్తుంది. వాళ్ళకి అనుభవం ఉంటుంది, ఎక్కడ ఏముందో ఒకరికొకరు చెప్పుకుంటారు. మేం మొదటిరోజు సొంతంగా తిరిగి ఇంపాలా జింకల తోకలు తప్ప ఏమీ చూడలేదు. మర్నాడు గైడు పొద్దున్నే చిరుతపులిని చూపించాడు.

జోబర్గ్_పిన్ని:

చారలగుర్రం గారూ, నేను జోహన్నెస్‌బర్గ్‌లో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. సెలవు దొరికితే మా ఆయన కారు క్రూగర్ వైపే తిప్పుతాడు. అందుకని కాస్త చనువుగా చెప్తాను, ముందు ఆ ప్లాన్ పక్కన పడేయండి.

మీరే లెక్క వేయండి. పార్కు ఉత్తర దక్షిణాలుగా దాదాపు 360 కిలోమీటర్ల పొడవు. తారు రోడ్డు మీద గంటకి 50, మట్టి రోడ్డు మీద 40 కిలోమీటర్లు దాటకూడదు. ఆగుతూ చూస్తూ వెళ్తే సగటున 25 రావడం గొప్ప. ఉత్తరం కొసనున్న పుండా మరియా నుంచి దక్షిణాన స్కుకూజాకి 300 కిలోమీటర్ల పైనే. జులైలో గేట్లు పొద్దున 6కి తెరిచి సాయంత్రం 5:30కి మూసేస్తారు, ఆలస్యంగా వస్తే జరిమానా. ఇక ఆ రోజు మీరు చూసేది గడియారాన్నే. అమ్మగారేమో నడుం పట్టుకుని కూర్చోవాలి.

ఉత్తరం బాగుండదని కాదు. అక్కడి పక్షుల కోసం మా ఆయన ఎంత దూరమైనా వెళ్తాడు. కానీ ఎక్కడ చూసినా మొపానే చెట్లే, జంతువులు పలచగా ఉంటాయి. మొదటిసారి వచ్చేవాళ్ళకి దక్షిణం, మధ్య భాగాలే మంచివి. మధ్య భాగంలో సటారా క్యాంపు చుట్టుపక్కలది బసాల్ట్ రాయి అరిగి ఏర్పడిన నేల. గడ్డి బలంగా, తియ్యగా పెరుగుతుంది. గడ్డి కోసం జీబ్రాలు, వైల్డబీస్టులు (పెద్ద జింకజాతి) వస్తాయి, వాటి కోసం సింహాలు ఉంటాయి. మీవాడికి కావలసింది అక్కడుంది.

నేనైతే లోయర్ సాబీలో రెండు రాత్రులు, సటారాలో రెండు రాత్రులు, చివరిది స్కుకూజాలో పెట్టుకుంటాను. క్రొకడైల్ బ్రిడ్జ్ నుంచి లోయర్ సాబీ 35 కిలోమీటర్లు కూడా లేదు. అక్కడి నుంచి సటారా, మళ్ళీ సటారా నుంచి స్కుకూజా, రెండూ తొంభై పైచిలుకే. చివరి రోజు స్కుకూజా నుంచి పాల్ క్రూగర్ గేటు కూడా దగ్గరే. బుకింగ్ సాన్‌పార్క్స్ (ఇక్కడి నేషనల్ పార్కుల సంస్థ) సైటులో 11 నెలల ముందే తెరుస్తారు. దాదాపు జూన్ ఆఖరి నుంచి జులై మూడో వారం దాకా ఇక్కడి పిల్లలకి బడి సెలవులు కాబట్టి లోయర్ సాబీ, సటారా గదులు త్వరగా అయిపోతాయి. నెలాఖరుకి జరుపుకోగలిగితే జరుపుకోండి.

ఇక గైడు సంగతి. గడ్డిపరక గారు చెప్పింది నిజమే, కాకపోతే మీకు కుదరదు. సాన్‌పార్క్స్ ఓపెన్ బండ్లలో ఆరేళ్ళ లోపు పిల్లల్ని ఎక్కించుకోరు. గైడుతో అడవిలో నడకకైతే 12 ఏళ్ళు నిండాలి. మీవాడికి ఐదు. అందుకని పగలు మీ కారులో తిరగండి, ఒకరోజు సాయంత్రం మాత్రం మీ ఇద్దరిలో ఒకరు పిల్లాడి దగ్గర ఉండి, రెండోవారు అమ్మగారితో సన్‌సెట్ డ్రైవ్‌కి వెళ్ళండి. గేట్లు మూశాక బయట తిరగనిచ్చేది ఆ బండ్లనే. లైటు వేసి పునుగుపిల్లుల్నీ, ముళ్ళపందుల్నీ చూపిస్తారు. స్వెట్టరు, చెవులకి టోపీ మర్చిపోవద్దు. జులై చలికాలం, ఓపెన్ బండిలో గాలి కోసేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. క్రూగర్‌లో దగ్గరగా చూడాలంటే వాటి వెంట పడకూడదు. ఒకచోట ఆగి ఉండాలి. మొట్టమొదటి టూరిస్టులు ఇక్కడికి 1927లో మూడు కార్లలో వచ్చారు. అప్పటి నుంచి తరాలు తరాలుగా ఈ జంతువులు కార్ల మధ్యే పుట్టి పెరిగాయి. కారు వాటిని తినదు, తరమదు. దాని ఆకారం వాటికి ఒక పెద్ద బండరాయితో సమానం. మీరు తల బయటపెట్టినా, కిటికీ ఎక్కి కూర్చున్నా ఆ ఆకారం చెడిపోయి అందులోంచి మనిషి బయటపడతాడు. మనిషంటే అన్నిటికీ భయమే. అందుకే చెయ్యీ తలా బయట పెట్టకూడదని రూలు. ఆ రూలు పాటించినవాళ్ళ కారు పక్కనుంచే సింహం నింపాదిగా నడిచిపోతుంది. అద్దం సంగతి అమ్మగారికి చెప్పండి, ఎవరి పక్క అద్దం వాళ్ళే ఎత్తుకోవచ్చు, దానికి అంత తొందరేమీ ఉండదు.

చాలామంది చేసేది దీనికి పూర్తిగా తిరుగు. క్యాంపులో ఒక బోర్డు ఉంటుంది, పార్కు మ్యాపు మీద ఎక్కడ ఏం కనిపించిందో రంగు బిళ్ళలు పెడతారు. సింహం బిళ్ళ చూడగానే అందరూ అక్కడికి ఉరుకుతారు. ఒకసారి సటారా దగ్గర ఎస్100 మట్టి రోడ్డు మీద సింహం కోసం కార్లు ఎంత కిక్కిరిసిపోయాయంటే, ముందు వరసలో వాళ్ళకి చెవి కనిపించింది, మిగతా వాళ్ళకి ముందు కారు డిక్కీ. మా ఆయన చిరాకుపడి బండి వెనక్కి తిప్పి ఒక నీటిగుంట దగ్గర ఇంజను ఆపేశాడు. కాసేపటికి ఒక జిరాఫీ వచ్చింది. ముందు కాళ్ళు కొంచెం ఎడం చేసింది, భయమేసి మళ్ళీ నిటారుగా నిలబడింది. అటు చూసింది, ఇటు చూసింది, మళ్ళీ కాళ్ళు చాచింది. ఒక్క గుక్క నీళ్ళ కోసం అంత తంతు! వంగినప్పుడే సింహం మీద పడుతుందని దానికి తెలుసు. అంతసేపూ మా కారుని అది పట్టించుకోనేలేదు. మీవాడికి దీన్ని చూపించండి, సింహం చెవి కన్నా ఎక్కువగా నవ్వుతాడు.

జులైలో ఈ కూర్చునే పద్ధతి ఇంకా బాగా పనిచేస్తుంది. వానలుండవు, గుంటలు ఎండిపోతాయి, గడ్డి వాలిపోతుంది, ఆకులు రాలతాయి. జంతువులన్నీ మిగిలిన నీళ్ళ దగ్గరికి రాక తప్పదు. లోయర్ సాబీ పక్కనే సన్‌సెట్ డ్యామ్ ఉంది, అంచు దాకా కారు పోతుంది. నీటిగుర్రాలు, మొసళ్ళు, కొంగలు, అదృష్టం ఉంటే నీళ్ళకొచ్చే ఏనుగుల గుంపు. అక్కడ ఒక పూటంతా గడిపినా తప్పులేదు.

పొద్దున్నే గేటు తెరిచేసరికి వరసలో ఉండండి. చలి ఉదయాల్లో సింహాలు తారు రోడ్డు మీదే నడుస్తాయి, పడుకుంటాయి కూడా. ఇంకోటి, రోడ్డు కింద తూముల్లో దుమ్ములగొండులు పిల్లల్ని పెడతాయి. పొద్దునా సాయంత్రమూ ఆ నల్లటి పిల్లలు బయటికొచ్చి రోడ్డు పక్కన ఆడుకుంటాయి. ఒకటి వచ్చి మా కారు బంపర్ని పళ్ళతో పరీక్షించి వెళ్ళింది. దుమ్ములగొండి అంటే అసహ్యం అనుకునేవాళ్ళు ఆ పిల్లల్ని చూస్తే మనసు మార్చుకుంటారు.

మారా_మోజు:

జులై అంటున్నారు కాబట్టి అడుగుతున్నా, కెన్యాలో మసాయి మారా ఎందుకు చూడకూడదు? టాంజానియాలోని సెరెంగెటి నుంచి వైల్డబీస్టు మందలు దాదాపు ఆ సమయంలోనే వస్తాయి. మొసళ్ళున్న మారా నదిని అవి దాటడం చూసి తీరాల్సిందే. మైదానం కాబట్టి చెట్లు అడ్డం రావు. వ్యాను టాపు పైకి లేస్తుంది, నిలబడి చూడొచ్చు.

జోబర్గ్_పిన్ని:

మారా అద్భుతమే, కాదనను. కానీ 2024 నుంచి విదేశీయులకి జులై-డిసెంబర్ మధ్య టికెట్టు పెద్దవాళ్ళకి తలకి 200 డాలర్లు, అదీ పొద్దున 6 నుంచి సాయంత్రం 6 దాకా, పన్నెండు గంటలకే. పైగా మందలు నది ఒడ్డుకొచ్చి నిలబడి, పొద్దంతా ఆలోచించుకుని, దాటకుండా వెనక్కి తిరిగిపోవచ్చు. ఐదేళ్ళ పిల్లాణ్ణి అంతసేపు ఎండలో వ్యానులో కూర్చోబెట్టడం ఎలా? వాడు కొంచెం ఎదిగాక వెళ్ళమనండి.

చారలగుర్రం:

పిన్నిగారూ, ప్లాన్ పక్కన పడేశాను. మీరు చెప్పిన మూడు క్యాంపులే ఖాయం. ఇంకొన్ని అడుగుతాను, విసుక్కోకండి. కారు దిగకూడదంటే మా అమ్మకి, బాబుకి బాత్రూమ్ ఎలా? ఏనుగు రోడ్డుకి అడ్డంగా నిలబడితే ఏం చెయ్యాలి? చిన్న కారు చాలా, పెద్దది తీసుకోవాలా? మావాడు ఏదైనా కనిపించగానే కేక పెడతాడు, దానికేమైనా ఉపాయం ఉందా?

జోబర్గ్_పిన్ని:

విసుగెందుకు, మా ఆయన పక్షుల గురించి వినడం కన్నా ఇదే నాకు కాలక్షేపం.

బాత్రూమ్‌కి క్యాంపులు, పిక్నిక్ చోట్లు ఉన్నాయి. లోయర్ సాబీ, స్కుకూజా మధ్యలో న్కూహ్లూ, స్కుకూజా నుంచి సటారా వెళ్ళే దారిలో ట్షోక్వానే. ఈ రెండూ మ్యాపులో గుర్తు పెట్టుకుని, ఎక్కడ ఆపితే ఎంతసేపు పడుతుందో చూసుకుని బయల్దేరండి. "ఇక్కడ ఎవరూ లేరు కదా, చెట్టు చాటున" అనే ఆలోచన మాత్రం రానివ్వకండి. ఆ చెట్టు వెనక చిరుత ఉందో లేదో చెట్టుకే తెలియాలి. పిక్నిక్ చోట్ల కోతులు, బబూన్లు ఉంటాయి, చేతిలో బిస్కెట్ ఉంటే అది మీది కాదనుకోండి. ఒక్కటి కూడా పెట్టొద్దు. తిండికి అలవాటు పడిన బబూన్ మనుషుల మీదికి వస్తుంది, చివరికి దాన్నే కాల్చేయాల్సి వస్తుంది. గదుల్లో వంటగట్టు, ఫ్రిజ్ చాలాచోట్ల వరండాలోనే ఉంటాయి. ఫ్రిజ్‌కి గొళ్ళెం ఎందుకుందా అని ఆశ్చర్యపోకండి, వేయండి.

ఏనుగు విషయం మాత్రం జాగ్రత్తగా చదవండి. నేను ఈ పార్కులో భయపడేది సింహానికి కాదు, ఏనుగుకే. ఆడ ఏనుగుల గుంపు రోడ్డు దాటుతుంటే బాగా దూరంలో ఆగిపోండి, చివరి పిల్ల దాటేదాకా కదలొద్దు. పిల్లకీ తల్లికీ మధ్య కారు పోకూడదు. ఒంటరి మగ ఏనుగు ఎదురొస్తుంటే చూడాల్సినవి రెండు. కణతల నుంచి తడి చార కారుతోందా, వెనక కాళ్ళ మధ్య మూత్రం చుక్కలుగా పడుతూనే ఉందా. కణతల తడి ఒక్కటే అయితే కంగారుపడ్డ ఆడ ఏనుగుకీ వస్తుంది. రెండూ కలిసి కనిపిస్తే మదమెక్కిన మగది. దానితో వాదన లేదు. దూరంగా ఉన్నప్పుడే మెల్లగా రివర్స్ చేసి దారివ్వండి. హారన్ కొట్టొద్దు, ఇంజను గర్జించేలా తొక్కొద్దు. అది రోడ్డు మీద మన వైపే నడిచొస్తే కిలోమీటరు వెనక్కి పోవాల్సొచ్చినా పోవాలి. వెనకున్న కారు వాళ్ళకి ఇది అర్థం కాకపోవడమే పెద్ద చిక్కు. అందుకే ఏనుగు కనిపించినచోట ముందు కారుకి అతుక్కుని ఆగకండి, వెనక్కి పోయే చోటు ఎప్పుడూ ఉంచుకోండి.

కారుకి నాలుగు చక్రాల డ్రైవ్ అక్కర్లేదు. వానల్లేని కాలంలో మట్టి రోడ్లకి మామూలు కారు సరిపోతుంది. కాస్త ఎత్తుగా ఉన్నది దొరికితే మంచిది, అంతే. స్టీరింగ్ కుడి వైపు, బండి ఎడమ పక్కన నడపాలి. పెట్రోలు పెద్ద క్యాంపులన్నిటిలో దొరుకుతుంది. రోడ్డు మీద ఏనుగు పేడ కనిపిస్తే దాని మీదుగా పోనివ్వకండి, దాంట్లో పేడపురుగులు ఉండొచ్చు, కాకపోతే జులై చలిలో అవి తక్కువ. ఒకటైనా కనిపిస్తే పక్కనే ఆపి పిల్లాడికి చూపించండి. అది వెనక కాళ్ళతో ఉండ దొర్లించుకుపోతుంటే మీవాడు సింహాన్ని మర్చిపోతాడు.

కేకలకి ఉపాయం, వాడికి ఉద్యోగం ఇవ్వండి. ఇంపాలాలు మేస్తున్నాయా, తలెత్తి చూస్తున్నాయా అని చెప్పడం వాడి పని. అన్నీ ఒకే వైపు బిగుసుకుపోయి చూస్తుంటే, అందులో ఒకటి చీదినట్టు గట్టిగా శబ్దం చేస్తుంటే, ఆ వైపు ఏదో ఉంది. ఇంజను ఆపి కూర్చోండి. ఎండిన చెట్ల మీద రాబందులు గుంపుగా వాలి ఉన్నాయా చూడమనండి, కింద వేట ఉండొచ్చు. నది ఒడ్డు పెద్ద చెట్లలో అడ్డకొమ్మలు చూసే పని అమ్మగారికి. చిరుత తోక కిందకి వేలాడుతుంటుంది, మనిషి కళ్ళకి ముందు దొరికేది అదే. ఓపిక ఉన్నవాళ్ళకే అది కనిపిస్తుంది కాబట్టి మీకన్నా ఆవిడే ముందు చూస్తారని నా పందెం.

ఒక మాట, ఖడ్గమృగం కనిపిస్తే కళ్ళారా చూసుకోండి, కానీ ఎక్కడ చూశారో బోర్డు మీద పెట్టొద్దు, ఎవరికీ చెప్పొద్దు. ఫోన్ ఫోటోల్లో లొకేషన్ ముందే ఆపేయండి. కొమ్ము కోసం వేటగాళ్ళు ఈ పార్కులో వాటిని ఎన్నో ఏళ్ళుగా చంపుతున్నారు. కొన్నిటికి పార్కువాళ్ళే కొమ్ము కోసేశారు, మొద్దు ముక్కుతో కనిపిస్తే పిల్లాడు అడుగుతాడు, ఏం చెప్పాలో ముందే అనుకోండి. నేను మా పిల్లలకి నిజమే చెప్పాను.

మందులసీసా:

ఎవరూ మలేరియా మాట ఎత్తలేదు. క్రూగర్ మలేరియా ఉన్న ప్రాంతమే. జులై చలికాలం కాబట్టి దోమలు తక్కువ, రిస్కు తక్కువ, కానీ సున్నా కాదు. బయల్దేరే ముందే డాక్టర్ని కలవండి. పిల్లాడికి మందు బరువును బట్టి ఇస్తారు. అమ్మగారు బీపీకో, షుగరుకో మాత్రలు వాడుతుంటే ఆ చీటీ కూడా చూపించండి. సాయంత్రం పొడుగు చేతుల బట్టలు, దోమల క్రీము తప్పనిసరి. ఇంటికి తిరిగొచ్చిన కొన్ని వారాల్లో ఎవరికి జ్వరం వచ్చినా "క్రూగర్ వెళ్ళొచ్చాం" అని డాక్టరుకి చెప్పడం మర్చిపోకండి, మామూలు జ్వరమని ఇంట్లో కూర్చోవద్దు.

చారలగుర్రం:

అందరికీ థాంక్స్. అమ్మకి చదివి వినిపించాను. చిరుత తోక ఉద్యోగానికి ఒప్పుకుంది, కానీ నది ఏ పక్క వస్తుందో అడగమంది. ముందు సీటు కోసం అత్తాకోడళ్ళ మధ్య ఇప్పటికే చర్చ నడుస్తోంది.

జోబర్గ్_పిన్ని:

ముందు సీటు అమ్మగారిదే, చర్చ లేదు. లోయర్ సాబీ నుంచి స్కుకూజా వైపు హెచ్4-1 రోడ్డు మీద పొద్దున్నే వెళ్తారు కదా, అప్పుడు సాబీ నది మీ కుడి చేతి పక్కన ఉంటుంది. మీ దృష్టి రోడ్డు మీద ఉండాలి కాబట్టి ఆ పక్క చూసే పని వెనకున్న మీ ఆవిడది. తిరిగొచ్చేటప్పుడు నది ఎడమకి, అంటే అమ్మగారి పక్కకి వస్తుంది. వాడికీ నది కనిపించేలా బాబు సీటు పోయేటప్పుడు కుడి పక్క కట్టి, న్కూహ్లూలో టీకి ఆగినప్పుడు ఎడమ పక్కకి మార్చేయండి. దిగేది ఎలాగూ అక్కడే.